కవరు కింద పిండి ముద్ద

మహబూబ్‌నగర్, గురువారం

బాపూ, నేను క్షేమం. అక్కడ ఫోన్ కలవక కార్డు రాస్తున్నాను.

మన జీపు ఇంజనుకు యాదగిరి మామ కొత్త రోలర్ రాకర్లు బిగించాడు. వాల్వును నొక్కే ఈ మీటల కొనకు బుల్లి చక్రం ఉంది. అయితే అవి పాతవాటికన్నా ఎత్తు. గిన్నె మీద కొట్టించినట్టు తాత పేరు కొట్టించిన, రాకర్లను మూసే పాత కవరే ఉండాలన్నావు కదా, అది వాటికి తగులుతుందా అన్నది ప్రశ్న. మూసిన కవరు లోపల ఎలా చూస్తారని అడిగాను.

"రొట్టెపిండి జర తడిపి తే బిడ్డా, కవరు తగిల్తే ముద్ద మీద తెలుస్తది," అన్నాడు మామ.

మనింట్లోలాగే జొన్నపిండి తడిపాను. రాకర్ల మీద పెట్టగానే పగిలి రాలింది.

"ఇంజనుకు గూడ రొట్టెలు జేస్తున్నవా పిల్లా?" అంది అత్త.

అంతా తుడిచి గోధుమపిండి పెట్టాం. కవరు బిగించి, ఇంజను చేత్తో తిప్పి తీస్తే మూడో రాకరు మీది ముద్ద చిరిగి ఉంది, అంటే అక్కడ కవరు తగులుతోంది. కవరును లోపలినుంచి సుత్తితో కొట్టి ఉబ్బిస్తే పేరు చెడుతుందన్నాడు మామ. కవరు అంచు కింద ఇంకో ప్యాకింగు వేస్తే అది కాస్త పైకి లేవదా అన్నాను. వేశాడు. ఈసారి ముద్ద చిరగలేదు.

అవ్వ కంట్లో మందు వేస్తున్నారా? నా నీలం స్వెటర్ పంపు. ఇంజను మీద పేరు కొట్టించాలని ఎవరికి తోచిందో అవ్వనడిగి రాయి. ఆమెకు, అమ్మకు నా దండాలు.

నీరజ