మగ్గం దగ్గర రెండో మనిషి

ఆదివారం, గద్వాల

అన్నకు నా నవల వినిపించకుండా ఉండాల్సింది. కొత్త ముద్రణ చివరి ప్రూఫ్ రేపు పొద్దున్నే ప్రచురణకర్తకు పంపాలి. ఇప్పుడేమో పంపబుద్ధి కావడం లేదు.

భార్య పోయిన నేతగాడు సగంలో ఉన్న గద్వాల చీరను ఒంటరిగా నేసి ముగించే అధ్యాయం చదివాను. యూనివర్సిటీలో ఇరవై ఏళ్లు నేనే పాఠం చెప్పిన అధ్యాయం. అన్న మగ్గం ఆపి విన్నాడు. మెచ్చుకుంటాడనుకున్నాను.

"ఒక్కడే ఎట్ల నేస్తడు తమ్మీ? మూడు నాడెలుంటయ్, నడుమ నూలుకొకటి, అంచులకు రెండు. అవతలి అంచు నాడె ఎవరు అందుకోవాలె? పెండ్లాం పోతె మగ్గమే ఆగిపోతది గద."

అన్న పక్కనే, అవతలి అంచుకు పట్టు దారం నడిపే నాడె పట్టుకుని కూర్చున్న వదిన నవ్వింది. "పోనియ్యి, సదువులల్ల పడి మర్సిండు."

ఇన్నేళ్లలో ఒక్క విద్యార్థి కూడా అడగలేదు. ఇప్పుడు మారిస్తే నవల కూలిపోతుంది, ఆ నేతగాడి ఒంటరితనమే దానికి ప్రాణం. మార్చకపోతే రేపు ఈ వీధిలో తలెత్తుకుని ఎలా నడవను?

నాన్న మగ్గం కళ్ల ముందుందనే ధైర్యంతోనే రాశాను. కళ్లు మూసుకుంటే ఇప్పటికీ నాన్న ఒక్కడే కనిపిస్తున్నాడు. ఆ మాటే అన్నతో అన్నాను.

"నాయిన పక్కకు అమ్మనే గద కూసునేది. గది గూడ యాదికి లేదా?" అన్నాడు అన్న.

లేదని చెప్పలేక తలూపాను. ఇంకా ఏమేం మరిచిపోయానో...

ప్రూఫ్ మళ్లీ మొదటి నుంచి తెరిచాను. మొదటి పేజీ దాటలేకపోతున్నాను. అక్కడ అంకితం ఉంది: "మా అమ్మ జ్ఞాపకానికి."