అక్క పేరున్న కాసెట్

జూన్ 3, మంగళవారం
పొద్దున ఉడుమలైపేట నుంచి రాణి అక్క ఫోన్. టెంకాయల మాట, వాన మాట... ఆపైన ఊరికే అడిగినట్టు — "ఆ కోటల వీడియో గేమ్ కాసెట్ ఉండాది కదరా? నా ఆట సగంలో నిలిచిపోయె." పెండ్లి కుదిరిన వారం ఆపేసింది. ఇరవై రెండేండ్లాయె. "ఆదివారం వస్తా. ముగించేస్తా."
"ఉండాది" అన్నాను.
లేదు. పోయినేడు అమ్మేసినాను.

జూన్ 4
ఎందుకు అమ్మినాను? మామ సింగపూర్ నుంచి తెచ్చిన ఒరిజినల్. రెండు వేలు పలికేది ఆరు వేలకు ఎక్కింది. మా ఊరి ఆర్.ఎస్. పురంలో పాత ఆటలు కొని అమ్మే శేఖర్ — "ఇంతకు మించి ఎక్కదన్నా, ఇచ్చేయండి." ఇచ్చేసినాను. మరుసటి నెల తొమ్మిది. ఇప్పుడు నాలుగున్నర అంటాడు. ఎందుకు ఎక్కె, ఎందుకు దిగె అంటే — "అది అట్లే అన్నా."

జూన్ 6
కొన్నది చిన్నమనూరు ద్రాక్షతోట రామరాజు. శేఖరే నంబర్ ఇచ్చినాడు. ఇంకోటి కూడా చెప్పినాడు: ఆడి దాచుకున్న ఆట నిలిచేది కాసెట్ లోపలి బ్యాటరీ వల్ల. పాత బ్యాటరీ ఉంటే ధర తక్కువ. కొత్తది వేస్తే జాస్తి. కాని కొత్తది వేస్తే దాచిందంతా చెరిగిపోతుంది.
అంటే అక్క ఆట పోతేనే విలువ. రెండుసార్లు చెప్పించుకున్నాను. అర్థమైంది. అర్థం కాలేదు.

జూన్ 7
తొమ్మిది వేలు జేబులో. బస్సు ఉడుమలైపేటలో నిలిస్తే తల వంచుకున్నాను, అక్క చూస్తుందేమోనని.
రామరాజుకు అరవై దాటింటాయి. మాట వినగానే "మీరూ మన తెలుగోళ్ళేనా" అని కాఫీ తెప్పించె. కాసెట్ వేసి చూపించె. RANI. పాత బ్యాటరీనే. ప్రాణం లేచొచ్చింది.
అప్పుడు చెప్పినాడాయన. మోకాలి ఆపరేషన్ అయి మూడు నెలలు మంచంలో ఉన్నాడంట. "ఆ అమ్మ ఎంత బాగా ఆడి పెట్టిండాది. ఏడో కోట కాడ నిలిపింది. ఆ పేరుతోనే నేను పదీ ముగించేసినా."
ఎంత ఇవ్వాలంటే — "మూడు చాలు."
"నాలుగున్నర నడస్తాంది కదండీ..."
"నేను ఆడేసినా కదప్పా."
మూడిచ్చి వచ్చినాను. ఏం కొన్నానో తెలియలేదు.

జూన్ 8, ఆదివారం
మా ఇంటామె సుధ నిజం చెప్పేయమంటాండాది. "మీ అక్కకే కదా, ఇంతలో ఏముంది?" అమ్మేసినానని చెప్పాలా, ఎవరో ఆడేసినారని చెప్పాలా — ఏది ముందు?

అదే రోజు, మధ్యాహ్నం
అక్క వచ్చింది. చెప్పులు విడిచీ విడవక టీవీ ముందు కూర్చుంది. RANI చూసి చేతితో తెర తాకింది. లోపలికి పోయింది... పది కోటల మీదా జెండాలు.
వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది.
"ముగించే పోయినానా రా?"
నేను టీవీ వైరు సర్దినాను. సుధ నన్నే చూస్తాండాది.
"నాకు గుర్తే లేదు చూడు. సగంలోనే వదిలేసినా అనుకుంటాండా, ఇన్నేండ్లు."
ఇప్పుడు హాల్లో కూతురికి ఫోన్ చేసి చెప్తాండాది — "మీ అమ్మ పెండ్లికి ముందే పదీ గెలిచిండాదే..." నవ్వుతాండాది. ఆ గొంతు విని ఎన్నేండ్లాయెనో.
నేను వంటింట్లో నిలబడి ఇది రాస్తాండా. అక్క పిలస్తాంది.