ఆరని రోజ్‌వుడ్ పిడి

ఏమండీ, మామయ్యగారిని నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. అన్నం, కూర బల్ల మీద ఉన్నాయి. వేడి చేసుకోవడం మీకు రాని విద్యేమీ కాదు.

తినే ముందు, కిటికీలో ఉన్న రోజ్‌వుడ్ కత్తిపిడిని బొటనవేలితో నొక్కి చూడండి. వార్నిష్ వేసి నాలుగు రోజులైనా వేలిముద్ర పడుతుంది. అది నూనె ఊరే కర్ర, స్పిరిట్‌తో తుడవకుండా పూత వేస్తే ఆరదు. ఆ సంగతి మీకు నేర్పింది ఆయనే. ఇప్పుడు తుడవడం మరిచిపోయిందీ ఆయనే. ఈ నెలలో ఇది అయిదోది. మొదటి నాలుగూ ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తుండగా నేనే గీకి, తుడిచి, మళ్ళీ వేశాను. "వయసన్నాక ఆ మాత్రం మరుపు మామూలే" అని మీరంటారనే దీన్ని మీకోసం అలాగే ఉంచాను.

చూశాక మీరే గీకి, తుడిచి, పలుచగా పూత వేయండి. ఆయన అడిగితే వార్నిష్ పాతదని చెప్పండి. నేనూ అదే చెప్పాను. పొద్దున్నుంచి ఆ వార్నిష్ అమ్మిన కొట్టువాణ్ణి తిడుతున్నారు, పాపం ఏ పాపమూ ఎరగనివాణ్ణి.

అయిదింటికల్లా ఆస్పత్రికి రండి. డాక్టరు చెప్పేది నేనొక్కదాన్నే వినలేను.

ఇంకొకటి. కర్రముక్కల మీద అంటించే పేర్లు కూడా తారుమారు చేస్తున్నారు. వాసన చూసి మరీ, గులాబీ వాసన వేసే రోజ్‌వుడ్‌ని వాసనే లేని ఎబొనీ కర్ర అని రాస్తున్నారు. నేను ఆయన దస్తూరీలోనే సరిచేసి అంటిస్తున్నాను. నిన్న అలాంటిదొకటి చేతిలోకి తీసుకుని, "చూశావా అమ్మాయ్, నా రాత ఇంకా వణకట్లేదు" అన్నారు. అవును మామయ్యా అన్నాను.