చిలుక ముక్కు వంగిన చీర

కొత్తపేట,
నవంబరు 9, 2025.

నా బంగారు తల్లి అరుణశ్రీకి,

నాయిన వేవేల దీవెనలు. బిడ్డ ఉండే తుర్కయంజాల్ ఎంత దూరమని ఉత్తరాలు రాస్తావని మీ అమ్మ పక్కనే నిలబడి ఎగతాళి చేస్తోంది. “గా ఫోన్ల మాట్లాడితే సరిపోదా? పోస్టాఫీసోళ్లు నిన్ను జూసి నవ్వుతుండ్రు” అంటోంది. నవ్వనీ! నా ఐదో తరగతి చదువు తుప్పు పట్టకుండా వారానికో ఉత్తరం రాయమన్నది నా బిడ్డ, పదో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పే బిడ్డ!

ఈరోజు నా సంతోషానికి ఈ కాగితం చాలదు తల్లీ. మన పద్మశాలి సంఘంలో నాకు శాలువా కప్పారు. మార్కండేయ స్వామి కలలో కనబడి ఇచ్చిన పువ్వు డిజైనును నేసిన కోదండం అని మైకులో చెప్పారు. నా ఫోటో హాల్లో గోడకు తగిలించారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఆ వెంటనే సంఘం కార్యదర్శి నరేష్‌కుమార్ ఒక సంగతి చెప్పాడు. అతని కూతురు చదివే దిల్‌సుఖ్‌నగర్ బడిలో సైన్సు టీచరమ్మ ఒకామె, మనుషులు కోతుల నుంచి వచ్చారని చెబుతోందట. “మనం మార్కండేయుని వంశం, భావనారుషి బిడ్డలం. మన పిల్లలకు కోతులు తాతలా పెద్దయ్యా?” అంటుంటే నా ఒళ్లు మండిపోయింది. ఆమెను తీసేయాలని రాసిన అర్జీ మీద మొదటి సంతకం నాదే. గురువారం అందరం బడికి పోతున్నాం. పెద్దరికం నాకే ఇచ్చారు. అదే బడికి ఎల్‌బీ నగర్‌లో ఉన్న మీ బ్రాంచిలో ఇలాంటివాళ్లు లేరు కదమ్మా?

నిన్ను తలుచుకుంటేనే ఛాతీ ఉప్పొంగే
నాయిన, కోదండం

కొత్తపేట,
నవంబరు 15, 2025.

నా కన్నతల్లీ, నా అరుణమ్మా,

మొన్న గురువారం అందరం దిల్‌సుఖ్‌నగర్ బడికి పోయాం. ప్రిన్సిపాల్ వేదవతి గారు “కూర్చోండి పెద్దాయనా, ఆ టీచర్ని పిలిపిస్తున్నానండీ” అన్నారు. తలుపు తోసుకుని నువ్వొచ్చావు. అక్కడి టీచరు కాన్పు సెలవులో ఉంటే, వారానికి రెండు రోజులు ఎల్‌బీ నగర్ నుంచి నువ్వే వస్తున్నావని నాకేం తెలుసు? నువ్వేమో నన్ను చూసి, కొత్తవాళ్లకు పెట్టినట్టు దండం పెట్టావు.

“ఏందమ్మా, మేం కోతులకు పుట్టినమా?” అని నరేష్ మీదికొచ్చాడు. “కోతులకు కాదన్నా. కోట్ల ఏండ్ల కింద మనకూ వాటికీ పూర్వీకులు ఒక్కరే అన్న” అని నువ్వు నెమ్మదిగా చెప్పావు. “ఫరక్ ఏమున్నది?” అని అతను. క్షమాపణ రాసిచ్చి ఆ పాఠం వదిలేయమని ప్రిన్సిపాల్ గారు. “పాఠం వదలను మేడం. కావాలంటే రాజీనామా రాసిస్తా” అన్నావు. ఎంత కష్టపడి తెచ్చుకున్న ఉద్యోగం!

అప్పుడు నరేష్ తన కూతురు తన్మయి చేత నోటుబుక్కు తెరిపించాడు. “నీ చెవులతోనే ఇను పెద్దయ్యా, ఏం నేర్పుతున్నరో” అన్నాడు. ఆ పిల్ల చదివింది. ఒక నేతగాడు పాత చీర ఎదురుగా పెట్టుకుని, దాన్ని చూస్తూ నూలుకు ముడులు కట్టి రంగులో ముంచేవాడట. ఒకసారి ఒక ముడి జరిగి, చీరమీది చిలుక బొమ్మకు ముక్కు వంగిందట. కొనేవాళ్లకు అదే నచ్చింది. తర్వాతి చీరకు దాన్ని చూసి ముడులు కట్టాడు. అందులో ఇంకో ముడి జరిగింది. నచ్చనివి ఆగిపోయాయి, నచ్చినవి సాగాయి. ఇరవై ఏళ్లకు చిలుక పోయి పువ్వు మిగిలింది. పువ్వు వేద్దామని ఎవరూ అనుకోలేదు. ప్రాణులు కూడా ఇలాగే కొంచెం కొంచెంగా మారుతూ వచ్చాయి, బతకడానికి పనికొచ్చిన మార్పు నిలిచింది, అని రాసుంది.

అమ్మా! నా పక్కన కూర్చుని ముడులకు రబ్బరు పీలికలు అందించిన ఆరేళ్ల పిల్లకు, నీకొక్కదానికే నేను చెప్పుకున్న తప్పు, పదో తరగతి పాఠమైందా! నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. లేచి నిలబడి, “గా నేతగాణ్ని నేనే. కలా లేదు, గిలా లేదు. ముడి జారింది. గీ టీచరమ్మ నా బిడ్డ” అన్నాను.

నరేష్ నా వైపు తిరిగాడు. “మరి సామి పేరు జెప్పి శాలువా ఎట్ల కప్పించుకుంటివి?”

“తప్పే బిడ్డా. కప్పించుకున్న” అని, అర్జీ తీసుకుని నా సంతకం కొట్టేశాను. అంత గంభీరంలోనూ తన్మయి, “డాడీ, గిది పరీక్షల వస్తది” అంది! వేదవతి గారు ఆ నోటుబుక్కు మళ్లీ చదువుకుని, “ఇంత బాగా అర్థమైన పాఠాన్ని ఎలా ఆపమంటారండీ? సోమవారం క్లాసు ఉంటుంది” అన్నారు.

మెట్లమీద నిన్నడిగాను, నా ఉత్తరం అందింది కదా, ఆ టీచరు నేనేనని ఒక్క ఫోన్ చేయలేదేమని. “చెప్తే నా కోసం ఆగుతుంటివి నాయినా, పాఠం కోసం కాదు” అన్నావు. ఆ మాట ముల్లులా దిగింది. నేను లేచింది దేనికోసమని అప్పటినుంచీ నన్ను నేనే అడుగుతున్నాను.

సంఘంలో నా ఫోటో తీసేశారట. నిన్న గుడికి పోయాను. నేనిప్పటికీ మార్కండేయుని వంశమేనమ్మా, ఆ నమ్మకం నాతోనే ఉంటుంది. కానీ చేయని పని ఆయన మీద మోపింది నేనే. “ఆ డిజైను నువ్వియ్యలేదు సామీ” అని ఒప్పుకున్నాను. తల తేలికైంది.

సోమవారం ధైర్యంగా చెప్పు. ఎవరైనా ఎదురొస్తే మా నాయిన ఒప్పుకున్నాడని మాత్రం చెప్పకు, అది నిజమని చెప్పు. రేపు నేను మళ్లీ కాదన్నా, ఆ పాఠం ఆపకు.

నీ బిడ్డలాంటి
నాయిన, కోదండం