తాడు మీది తెల్లగుడ్డ

అక్కా,

నీ తమ్ముడు ఒక ఘనకార్యం చేశాడు. బావ పక్కన లేనప్పుడు చదువు.

నా ప్రయోగం గురించి చెప్పాను కదా. అద్దకంలో చెడిపోయిన గుడ్డని గోరువెచ్చని నీళ్లలో వేసి కాస్త చక్కెరా, రెండు ఎంజైములూ కలుపుతాం. ఒకటి చక్కెర తిని బ్లీచింగ్ మందు పుట్టిస్తుంది, రెండోది ఆ మందు పుచ్చుకుని రంగుని విరగ్గొడుతుంది. పాత బ్లీచింగ్ మందులా ఘాటు ఉండదు, ఎవరి చేతులూ కాలవు. కాగితం మీద ఈ దంపతుల కాపురం చూడముచ్చట. తొట్టిలో మాత్రం గంట గడిచినా నీలం నీలంగానే ఉంది. ఒళ్లు మండి గుడ్డని నేలకేసి కొట్టి భోజనానికి పోయాను.

మర్నాడు పొద్దున్నే మా అద్దకం మిల్లు ఓనరు శాంపిల్ అడిగాడు. బట్టలారేసే తాడు మీద తెల్లగుడ్డ ఒకటి కనిపించింది. పాత మందుతో తెల్లబడిందే అయ్యుంటుందనుకుంటూనే, నాదేనని చేతిలో పెట్టేశాను. అంతే అక్కా! ఆయన దాన్ని తన బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు. పాత మందు ఇక తెప్పించొద్దన్నాడు. సోమవారం ఎనిమిది వందల మీటర్లు నా పద్ధతిలోనే. పాడైతే తిట్లు తినేది తొట్టి చూసే మేస్త్రి. పారిపోదామంటే ఈ ఉద్యోగం బావ పూచీ మీద వచ్చింది. బోనులో సింహంలా నిలబడి అందరి మెచ్చుకోళ్లూ అందుకుంటున్నాను. సింహానికి కనీసం ఆకలేస్తుంది.

ఏం చెయ్యను?

నీ బుద్ధిలేని తమ్ముడు

*

అక్కా,

"బావకి నేను చెప్పుకుంటా, నువ్వు నిజం కక్కెయ్" అని రాశావు. ఇవాళ పొద్దున అందరి ముందూ కక్కేశాను. ఓనరు మొహం ఆ గుడ్డకన్నా తెల్లబడింది.

అప్పుడు మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "బ్లీచింగ్ గుడ్డ ఎక్కడిది బాబూ? ఆ మందు అంతకు రెండ్రోజుల ముందే అయిపోయిందిగా. తాడు మీదున్నది నువ్వు విసిరేసిందే. తొక్కేస్తారని మళ్లీ తొట్టిలో వేసి మూత పెట్టా. నాలుగ్గంటలు నానాక తెల్లబడింది, తీసి ఆరేశా."

"మరి నాకు చెప్పలేదేం?"

"తిన్నగా వెళ్లి తీసుకున్నావుగా! తెలుసనుకున్నా."

నా గుడ్డని నేనే దొంగిలించానన్నమాట. ఆ పనీ సరిగ్గా చేతకాలేదు.

"ఏమయ్యా శాస్త్రవేత్తా," అన్నాడు ఓనరు, "ఇంకో నీలం గుడ్డ తొట్టిలో వేసి, నాలుగ్గంటలూ పక్కనే కూర్చో. మూత ముట్టుకున్నావో, ఇటునుంచి ఇటే ఇంటికి."

స్టూలు మీద కూర్చునే ఇది రాస్తున్నాను. ఇంకా గంటన్నర ఉంది. లోపల నీలంగా ఉందో, తెల్లగా ఉందో తెలియదు. మూత తీసి చూడాలని చేతులు దురద పెడుతున్నాయి. మేస్త్రి మూత మీద తన టిఫిన్ డబ్బా పెట్టి, నన్నే చూస్తూ నిదానంగా తింటున్నాడు.

మూత ముట్టని నీ తమ్ముడు