లివర్ పట్టిన చెయ్యి

త్రిపురారం,
ఆదివారం.

కిరణ్ బావకు,

మన తండా నుంచి యమున నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. మామ ఎప్పట్లాగే వారానికోసారి మఠంపల్లి ఫ్యాక్టరీ నుంచి నెత్తి నిండా సిమెంటు దుమ్ముతో వస్తున్నాడు. అత్త బర్రెను తిట్టే పనిలో పడి నన్ను తిట్టడం తగ్గించింది. ఆ సరిహద్దు మంచులో నువ్వు వేళకు తిని, చెవులకు గుడ్డ చుట్టుకుని బాగున్నావని అనుకుంటున్నాను. నిన్ను ఫోన్ పలికే చోటికి దించేదాకా మనకు ఈ కాగితాలే దిక్కు. నాలుగు ముక్కలు రాసి లేస్తున్నాను, వాకిట్లోకి పోయి వస్తున్నాను, మళ్లీ కూర్చుంటున్నాను. రాత వంకరగా ఉంటే సర్దుకుని చదువుకో.

నీ ఉత్తరంలో నా గురించి అడిగింది ఒక్క ముక్క. బండి గురించి పేజీ నిండా అడిగావు. నన్ను పెళ్లి చేసుకున్నావో, బండికి కాపలా పెట్టావో అర్థం కాలేదు. సరే, వరసగా చెబుతాను. కాలువకు నీళ్లు వదిలారు, నాట్లు అయిపోయాయి. నా బడిలో ఈసారి ఏడో తరగతి కూడా నాకే అంటగట్టారు. నువ్వు పంపమన్న ఉన్ని సాక్సులు మిర్యాలగూడలో దొరకలేదు, ఇక్కడ అవి ఎవడు తొడుక్కుంటాడు చెప్పు.

ఇక బండి. "బ్రేక్ ఆయిల్ మార్చినవా? షోరూంకు మాత్రం ఇయ్యకు. వాళ్లు పైన ఇంత పోసి పంపుతరు. పోయినసారి వాళ్లే నిపుల్ ఖరాబ్ చేసిన్రు. యాడి లివర్ పట్టుకుంటది, నువ్వు కింద తిప్పు" అని రాశావు. నిజానికి నువ్వు రాయకముందే ఆ బ్రేకు నన్ను బెదిరించింది. ముందు బ్రేకు పట్టుకుంటే లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తోంది. కాలువ కట్ట మీద ఎదురుగా ట్రాక్టర్ వస్తే వెనక బ్రేకు తొక్కి, కాళ్లు నేలకు రాసుకుంటూ ఆగాను. పడలేదులే, భయపడకు.

సెలవు రోజు చూసి సీలు తీయని కొత్త ఆయిల్ సీసా తెచ్చాను. నువ్వు నేర్పినట్టే ట్యాంకు మీద తడిగుడ్డ కప్పాను, చక్రం దగ్గర కాలిపర్‌కు ఉండే గాలి తీసే నిపుల్‌కు సన్న పైపు పెట్టి కొసను సీసాలో వదిలాను. మీ యాడి, అదే మా అత్త, హ్యాండిల్ దగ్గర లివర్ పట్టుకుని నిలబడింది. నేను కింద చక్రం దగ్గర పానా పట్టుకుని కూర్చున్నాను.

"నొక్కు అత్తా, నొక్కు, ఇగ పట్టుకో."

"పట్టుకున్న."

నిపుల్ తెరుస్తాను, ఆయిల్ వస్తుంది, బిగిస్తాను. బిగించాక వదలమని నేను చెప్పాలి, అప్పుడే ఆమె వదలాలి. ఇంతే కదా పని. కానీ పైపులో బుడగలు ఆగడం లేదు. ఆయిల్ పోస్తూనే ఉన్నాం, బుడగలు వస్తూనే ఉన్నాయి. సగం సీసా అయిపోయినా లివర్ మెత్తగానే ఉంది.

"అత్తా, నేను చెప్పకముందే వదులుతున్నవా ఏంది?"

"నేనెందుకు వదుల్త? నీకే తిప్పరాదు. మావాడైతే ఇంతసేపు చేస్తడా?"

నాకు ఒళ్లు మండింది. నీ కొడుకునే మంచుకొండల మీంచి పిలుచుకో అన్నాను. ఆమె గిర్రున తిరిగి లోపలికి పోయింది. మరుసటి ఆదివారం మళ్లీ చేశాం, మళ్లీ అంతే. ఆయిల్ ఒలికి నా చీర కుచ్చిళ్లు పాడైపోయాయి.

నీ మాట జవదాటాను బావా. వెనక బ్రేకు మీదే మెల్లగా నడుపుకుంటూ పోయి మిర్యాలగూడ షోరూంలో బండి ఇచ్చేశాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. కూర్చుంటే కదా, అద్దానికి ముక్కు ఆనించి చూస్తూ నిలబడ్డాను. దావీదు అనే అతను చేశాడు. లివర్ పట్టడానికి వాళ్లకు రెండో మనిషి అక్కర్లేదు, కింద నిపుల్‌కు చేతిపంపు పెట్టి లాగేశాడు. నా టీ చల్లారకముందే లివర్ గట్టిపడింది. నీ పరువు నిలపడానికి నేనొక మాట అడిగాను, నిపుల్ ఖరాబైంది కదా అని.

"నిపుల్‌కేం కాలేదు మేడం. ఇంట్ల చేసిన్రా? నిపుల్ తెరిచి ఉండంగ పైన లివర్ వదిలితే గాలి గుంజుకుంటది. పట్టుకున్నోళ్లు మధ్యల వదిలిన్రు, గంతే."

గెలిచిన సంబరంతో ఇంటికొచ్చాను. దొరికావు అత్తా, నువ్వే వదిలావట, షోరూంలో చెప్పారు అందామనుకున్నాను. ఆమె ముందు వాకిట్లో లేదు. వెనక్కి పోతే గడ్డివామి చాటున, గోడ వైపు తిరిగి కూర్చుని అన్నం తింటోంది. ఎడమ చేత్తో.

బావా, ఆమె సంగతి నీకు తెలుసు. ఎడమ చేత్తో మంచినీళ్ల చెంబు అందిస్తేనే నన్ను చీవాట్లు పెట్టిన మనిషి. నన్ను చూసి పళ్లెం కొంగు కింద దాచబోయింది. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని ఉంది, వేళ్లు సగం ముడుచుకుని ఉన్నాయి. తెరవమంటే తెరుచుకోలేదు.

అప్పుడు నాకు ఒక్కొక్కటీ తెలిసొచ్చింది. పిండి బాగాలేదని జొన్నరొట్టెలు తట్టడం మానేసింది. ఆకలి లేదని మాతో కూర్చుని తినడం మానేసింది. పాలు పితికే పని నాకు నేర్పిస్తానని అంటగట్టింది. ఒకే కప్పు కింద ఉండి నేను చూడలేదు. పిల్లల నోటుబుక్కుల్లో చిన్న తప్పు కూడా వదలని దాన్ని, ఇంట్లో మనిషి చెయ్యి చచ్చుబడిపోతుంటే చూడలేదు. నాకు నా మీద అసహ్యం వేసింది.

ఎప్పటి నుంచి అని అడిగాను.

"వాడు లీవుల వచ్చినప్పుడే పట్టు తప్పింది. బ్రేకు చేస్తుంటే రెండు చేతులతోటి పట్టుకున్న, కడుపు ఆనించి పట్టుకున్న. అయినా జారింది. వాడు కింద కూసుండి షోరూమోన్ని తిడుతున్నడు. తిట్టనీ అనుకున్న."

నీ నిపుల్‌ను ఎవరూ పాడు చేయలేదు బావా. నిద్రపోతున్నావా యాడీ, గట్టిగా పట్టు అని నువ్వు నవ్వుతూ కేకలేసింది నాకు గుర్తుంది. ఆమె కూడా నవ్వింది.

ఇక్కడిదాకా రాసి లేచిపోయాను. ఇప్పుడు మళ్లీ కూర్చున్నాను. ఇక దాచను. పైన అందరం క్షేమమని రాశాను చూడు, అది ఆమె రాయమన్న మాట. నీకు చెప్పనని నాతో నీ మీదే ఒట్టు వేయించుకుంది. "వాడు గాడ మంచుల నిలవడ్డడు. నా చెయ్యి ముచ్చట వానికెందుకు? పరేషాన్ అయి కాలు జారితే ఎవరు తెచ్చిస్తరు వాన్ని?" అంది. ఒట్టు వేశాను. ఇప్పుడు తీసి గట్టున పెడుతున్నాను. పాపం వస్తే నాకే రానీ.

తండాలో కోదాడ పెళ్లికని చెప్పి ఆమెను సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాను. పట్టుచీర కట్టుకుని స్కానింగ్ బల్ల మీద పడుకుంది. మెడ దగ్గర ఎముక అరిగి నరాన్ని నొక్కుతోందట. ఇంకా ఆలస్యమైతే ఆ పట్టు మళ్లీ రాదు, మెల్లగా కాళ్లకూ దిగుతుంది అన్నాడు డాక్టరు. కిరణ్ వచ్చినంక చూద్దామని మామ అన్నాడు. డాక్టరు ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. మామతో ఎదురు మాట్లాడడం అదే మొదలు.

అత్త మాత్రం మొండికేసింది. తినను, రాను, చెయ్యి పోతే పోనీ అంది. నేను పళ్లెంలో అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టాను. నోరు బిగించింది. అలాగే పెట్టి కూర్చున్నాను. నా చెయ్యి గుంజుతోంది, ఆమె చూస్తోంది. చివరికి తిన్నది, తింటూ ఏడ్చింది. "కోయించుకుంట తియ్" అంది. నాకూ ఏడుపు ఆగలేదు.

ఆపరేషన్ గురువారం. ఈ ఉత్తరం నీ చేతికి వచ్చేసరికి అది అయిపోయి ఉంటుంది. మీ యూనిట్ నంబరుకు ఫోన్ చేయాలని చాలాసార్లు తీశాను. ఆ నంబరుకు ఇంటి నుంచి పిలుపు వస్తే అక్కడ ఎవరైనా చావు కబురే అనుకుంటారని నువ్వన్నావు, నీ గుండె ఆగిపోతుందని పెట్టేశాను. అది మంచిదో చెడో తెలియదు. కోత మెడ దగ్గర. ఏం కాదంటున్నాడు డాక్టరు, కానీ పూర్తిగా హామీ మాత్రం ఇవ్వడం లేదు. నీ తల్లి మెడ మీద కత్తి పెట్టించి, నీకు క్షేమమని రాసి పడుకోవడం నావల్ల కాలేదు బావా.

నిన్ను లీవు అడగొద్దన్నది ఆమె మాట. వెంటనే అడగమన్నది నా మాట. మా ఇద్దరిలో ఎవరి మాట వింటావో నువ్వే తేల్చుకో. నేను మాత్రం నీ మంచం మీద దుప్పటి మార్చి పెడుతున్నాను.

ఇట్లు,
మీ అమ్మ దగ్గర మాట తప్పిన కోడలు,
నీ భార్య
యమున