చెప్పులతోపాటు తీసిన గొట్టం

కారంపూడి, సోమవారం

చెల్లీ కరుణా, ప్రభువు మీ ఇంటిని చల్లగా కాచుగాక.

నా సంగతి విని కంగారుపడకు, బాగానే ఉన్నాను. నిన్న గుడి గుమ్మంలో చెప్పులతోపాటు ముక్కుకున్న ఆక్సిజన్ గొట్టం కూడా తీసేశాను. దేవుని సన్నిధికి దానితో వెళ్లడం మర్యాద కాదనిపించింది. కూర్చున్నంతసేపూ వేలికి పెట్టుకునే మిషన్‌లో ఆక్సిజన్ తొంభై మూడు ఉంది. ఆ ధైర్యంతో పాటకు లేచి నిలబడితే ఎనభై రెండుకు పడిపోయి కళ్లు తిరిగాయి. మీ బావ పట్టుకుని, "ఊపిరి ఇచ్చినోడి ముందుకి ఊపిరి తీసేసి పోతావేందే?" అని కోప్పడ్డారు.

కూర్చుంటే ఉన్నది నిలబడి పాడితే ఎటు పోయిందని ఈరోజు డాక్టరమ్మను అడిగాను. నాలాగా ఊపిరితిత్తుల బీపీ ఉన్నవాళ్లకు కాస్త శ్రమపడినా ఆక్సిజన్ తగ్గుతుందట. అది తగ్గితే అక్కడి రక్తనాళాలు ఇంకా బిగుసుకుంటాయట. గుండె వాటిలోకి రక్తాన్ని మరింత గట్టిగా నెట్టాలట. పిడికెడు గుండె ఇంత పని చేస్తోందని నాకిన్నాళ్లూ తెలియదు. పాటలు మానాలేమోనని భయపడ్డాను. గొట్టం పెట్టుకుని, కూర్చుని, ఆక్సిజన్ దగ్గర మంట ఎగసిపడుతుంది కాబట్టి కొవ్వొత్తులకు దూరంగా పాడుకోమంది.

నీ దగ్గరున్న పెద్ద అక్షరాల పాటల పుస్తకం పంపు, ఒళ్లో పెట్టుకుంటాను. మీ అత్తగారి మోకాలు ఎలా ఉంది? పిల్లలకు నా దీవెనలు.

వచ్చే ఆదివారం గుమ్మంలో చెప్పులు మాత్రమే విడుస్తాను.

మీ అక్క,
సలోమి